పందిముక్కు సాకెట్టు

యానాం బజారులో చిన్నారావు ఎలక్ట్రికల్ షాపు. మధ్యాహ్నం మూడు దాటింది. కౌంటరు వెనకాల చిన్నారావు. ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో ఆరోగ్యమ్మ, చేతిలో ఫోను.

"...అలా ఊపితే ఎలా కనపడుద్దండి పిన్నిగారూ? ఫోను కదపకుండా పట్టుకోండి."

"కదపట్లేదురా. నా చెయ్యే అంత. కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకునే ఉన్నానండి. ఇదేంటండి బాబూ, గోడలోంచి పంది మూతి పెట్టింది?"

"పందీ కాదు, నీ పిండాకూడూ కాదు. సాకెట్టు. మా మేనకోడలు షారోన్ వాళ్ళింట్లోది. మార్సేయి నుంచి ఫొటో తీసి పంపింది."

"ఆయ్! ఫ్రాన్సు సాకెట్టా! రెండు ముక్కు పుటాలూ సరే. మరి పైన ఈ మొలేంటి, బయటికి పొడుచుకొచ్చి?"

"నన్నడుగుతావేంట్రా చిన్నారావూ? షాపు నీదా, నాదా?"

"ఎర్తండి అది. మనకి ఎర్తు ప్లగ్గుకి ఉంటది, పైన లావుగా. వాళ్ళకి గోడకే ఉంటదన్నమాట. ప్లగ్గులో ఒక బొక్క, సాకెట్లో ఒక మొల. మళ్ళీ సాకెట్లో రెండు బొక్కలు, ప్లగ్గుకి రెండు మొలలు. ఎవడు మొగుడో ఎవత్తి పెళ్ళామో తేలదు. ఫ్రెంచోడంటే అంతేనండి."

"నోరు ముయ్యి. మీ బాబాయి ఫ్రెంచి పటాలంలో చేసొచ్చాడు."

"బాబాయిగారిని అంటానా అండి? ఆయన పెన్షను పడ్డ రోజున ఇద్దరూ కలిసి తాగితే, మా నాన్న ఇంటికి నడిచొచ్చింది ఎప్పుడూ లేదు. మోసుకొచ్చేవోళ్ళు."

"మన ప్లగ్గు దీంట్లో దూరదా?"

"ఛస్తే దూరదు. మనవి మూడు కాళ్ళు, దానికి రెండే బొక్కలు."

"పైదాన్ని విరగ్గొట్టేస్తే?"

"విరగ్గొట్టినా మన కాళ్ళు లావండి, వాడి బొక్కలు సన్నం. పైగా ఆ గుండ్రటి గుంటలో మన ప్లగ్గు మొహం పట్టదు."

"రెండొందలేళ్ళు ఉన్నాడు కదరా ఫ్రెంచోడు ఈ ఊళ్ళో. పోతూ పోతూ ఒక్క సాకెట్టైనా వదిలి పోలేదు."

"చర్చి వదిలాడు, వీధుల పేర్లు వదిలాడు, మీకు పెన్షను వదిలాడు. ఇంకా ఏం వదలమంటారు? మన గోడల్లో ఉన్నది ఇంగ్లీషోడి మోడలండి. అదీ వాడు వాడి పారేసిందే. వాడు పలకల పిన్నుకి మారిపోయి, ఈ గుండ్రటిది మనకి వదిలేశాడు. చిరిగిన చీర పనిమనిషికి ఇచ్చినట్టు."

"ఇంగ్లీషోడి సంగతి నాకెందుకు? ఫ్రెంచోడి దాంట్లో మనది దూరేలా ఏదో ఒకటి ఇవ్వు."

"అడాప్టరు కావాలి. ఉంది. ఎవరు వెళ్తున్నారేంటి?"

"వెళ్ళేవాళ్ళు వెళ్తారు."

"ఎవరండీ?"

"ముందు చూపించరా."

"చూపిస్తానండి. ఎవరో చెప్తే దాన్ని బట్టి చూపిస్తాను. కుర్రాళ్ళైతే ల్యాప్‌టాప్ ఉంటది, ఆడపిల్లలైతే జుట్టు మాడ్చుకునే మిషనుంటది..."

"నేనే."

"మీరా?"

"ఏం, నేను ప్లగ్గు పెట్టుకోకూడదా?"

"అబ్బెబ్బే. మీకేంటండి, ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంది. ఎన్నాళ్ళకి?"

"రెండు నెలలకి. షారోన్ రమ్మంది. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందంట."

"ఈ వయసులో ఒక్కరే అంత దూరం..."

"ఒక్కదాన్నే ఎందుకు? ఇంకొకరు కూడా వస్తున్నారు."

"ఇంకొకరా? ఎవరు?"

"ఉన్నార్లే. స్నేహితులు."

"స్నేహితులు! అబ్బో! పిన్నిగారూ, నా దగ్గర దాచకండి. మగమనిషా?"

"ఛీ! వెధవ ప్రశ్నలూ నువ్వూనూ."

"సిగ్గు పడుతున్నారండి మీరు! ఆయ్, తప్పేముంది? బాబాయిగారు పోయి పదేళ్ళయింది. మెట్టకూరు రిటైర్డు మేస్టారు కాదు కదా? ఆయన మొన్న కొత్త కళ్ళజోడు కొన్నాడు, జుట్టుకి రంగేశాడు, నేను అప్పుడే అనుకున్నాను..."

"ఆ మేస్టారు ముక్కు చీదితే ఫ్రాన్సు వాళ్ళు మళ్ళీ వెనక్కి పంపేస్తారు. అడిగిందానికి చెప్పు. ఆవిరి పట్టుకునే మిషను అక్కడ పని చేస్తదా?"

"ఏ ఆవిరి? జలుబుకా?"

"ఆయాసానికి. మందు పోసి, ముక్కుకి తగిలించుకుంటారే, బుర్రుమంటది."

"నెబులైజరా. మీకు ఆయాసం లేదు కదండి?"

"నాకు లేదు."

"అంటే ఆ ఇంకొకరికి! చంపారు. ఏరి ఏరి ఆయాసం ఉన్నాయన్నే పట్టారా? ఎత్తు ఎక్కితే రొప్పుతాడు, మీరు ఎత్తుకోవాలి."

"చిన్నారావూ. వేళాకోళం కాదు. నిజం చెప్పు. రెండు పూటలా పెట్టుకోవాలి. అక్కడికెళ్ళాక మిషను తిరక్కపోతే నా ప్రాణం మీదకొస్తది. కరెంటు వేరేమో, కాలిపోద్దేమో?"

"కాలదండి. అమెరికా అయితే కాలేది కాదు గానీ మూలిగేది, వాడి కరెంటు మన దాంట్లో సగం. ఫ్రాన్సుది అచ్చం మనదే, రెండొందల ముప్పై. కరెంటుకి కులం లేదండి, గోడలకే ఉంది."

"కవిత్వం తర్వాత. పని చేస్తదా, చెయ్యదా?"

"చేస్తదండి. మన ఊళ్ళో ఎలా బుర్రుమంటదో అక్కడా అలాగే బుర్రుమంటది. ఇదిగో, అడాప్టరు. మన మూడు కాళ్ళూ ఇందులో పెట్టాలి, దీన్ని ఆ పందిముక్కులో పెట్టాలి. అంతే."

"ఇంత తేలిగ్గా ఉందేంట్రా? చైనాదా?"

"ఫ్రాన్సు వాడు కూడా చైనాదే వాడుతున్నాడండి ఇప్పుడు. అట్ట మీద చూడండి, ఐఫిల్ టవర్ బొమ్మ కూడా ఉంది."

"ఐఫిల్ టవర్ బొమ్మ మా ఇంట్లో తువ్వాలు మీద కూడా ఉంది. పెట్టి చూపించు."

"ఎక్కడ పెట్టి చూపించమంటారు? యానాం అంతా తిరిగినా ఫ్రెంచి సాకెట్టు ఒక్కటి దొరకదు."

"మరి పని చేస్తదని నీకెలా తెలుసు?"

"నా మాట మీద పట్టుకెళ్ళండి. ఫస్టు క్లాసు సరుకు. నా షాపు మీద ఒట్టు."

"షాపు మీద ఒట్టు పెట్టినవాడు ఎప్పుడైనా షాపు పోగొట్టుకున్నాడా?"

"అబ్బా, పిన్నిగారూ! మీకు నాసిరకం అంటగడతానా? బయట ఆ ఆటో ఎవడిదండి? సరిగ్గా షాపుకి అడ్డంగా పెట్టాడు. ఓయ్! తియ్యవయ్యా!"

"నాదే, ఉండనీ. నేనే ఉండమన్నాను."

"మీదా? ఇంటికి పది అడుగుల దూరం లేదు, ఆటో ఎందుకండి?"

"ఉండనీ అన్నానా. ఇంకో మాట. ఆ వచ్చేవాళ్ళకి ఒక కొడుకున్నాడు."

"ఆస్తి గొడవా?"

"కాదు. మంచోడే. ప్రాణంలా చూసుకుంటాడు. అదే వచ్చింది తంటా. గోదారి గట్టు మీద కూర్చుంటానంటే గాలి తగులుద్దంటాడు. చుట్టాలింటికి వెళ్తానంటే వాళ్ళనే ఇక్కడికి రమ్మంటాడు. తీర్థానికంటే కాలు జారుద్దంటాడు. పోనీ గుమ్మంలో కూర్చుంటే దుమ్మంటాడు."

"ఓరి వీడి దుంప తెగ! ఇల్లా, జైలా?"

"నేను అంత మాట అనలేను."

"నేనంటాను. జైలే. జైల్లో అయినా సాయంత్రం బయట నడవనిస్తారు. మరి ఫ్రాన్సుకి ఎలా ఒప్పుకున్నాడు?"

"వాడికింకా చెప్పలేదు."

"చెప్పకపోతే చెప్పకండి! ముసలితనం వచ్చాక కొడుకుల పర్మిషన్ ఏంటండి? పెంచినన్నాళ్ళూ వాళ్ళే కదా వీడికి పర్మిషన్ ఇచ్చింది!"

"అడ్డం పడతాడేమోనని..."

"పడితే నా దగ్గరికి పంపండి. కూర్చోబెట్టి నాలుగు తగిలిస్తాను. ఆయాసం సాకు చెప్తాడేమో, మిషను తిరుగుద్ది, కరెంటు ఒకటే, నేను పూచీ అని చెప్తాను. ఇంతకీ అక్కడికెళ్ళి ఏం చూస్తారేంటి?"

"ఏం చూడం."

"ఏం చూడకుండా రెండు నెలలా?"

"రోడ్డు మీద నడుస్తాంరా. సముద్రం పక్కనంట. ఇక్కడైతే గడప దాటితే చాలు, ‘ఎక్కడికండి? ఎందుకండి? అబ్బాయికి చెప్పారా అండి?’ అక్కడ ఎవడికీ మన మొహం తెలియదు. ఎవడూ ఏమీ అడగడు. అది చాలంట. అదొక్కటే అడిగారు నన్ను."

"మా అమ్మ గుర్తొచ్చిందండి. మా అమ్మ అదృష్టవంతురాలండి. ఆవిడకి అలాంటి ఆశలేం లేవు. ఇల్లు, టీవీ, మేము. ఎక్కడికీ వెళ్ళాలని ఉండదు ఆవిడకి."

"నువ్వడిగావా?"

"అడగడమెందుకండి? తెలుసు కదా."

"ఎప్పుడైనా అడిగావా అంటున్నాను."

"...ఆవిడే చెప్తది కదండి, ఉంటే. సర్లెండి, ఇంతకీ ఎవరండి ఆ కొడుకు? ఏ పేట? కనకాలపేటా? పేరు చెప్పండి, ఇప్పుడే ఫోన్ కొడతాను."

"ఫోన్ అక్కర్లేదు. దగ్గర్లోనే ఉన్నాడు."

"ఎక్కడ, ఆటోలోనా?"

"కాదు. కౌంటరు వెనకాల."

"మా కౌంటరు వెనకాల నేను తప్ప ఎవరున్నారండి?"

"అదేరా."

"ఏదండి?"

"నీకు చెప్పడం కన్నా ఆ సాకెట్టుకి చెప్పడం తేలిక. మీ అమ్మరా. సుబ్బలక్ష్మి. నాతో వస్తున్నది మీ అమ్మే. నోరు మూసుకో, ఈగలు దూరతాయి."

"మా అమ్మా? మా అమ్మ ఫ్రాన్సా? పాస్‌పోర్టే లేదు ఆవిడకి!"

"ఉంది. వీసా కూడా ఉంది. అన్నవరం వెళ్ళొస్తామని చెప్పి హైదరాబాదు వెళ్ళాం చూడు, అప్పుడే వేలిముద్రలిచ్చింది."

"ఓరినాయనో! చర్చికెళ్ళే మీరు అన్నవరం వెళ్ళడమేంటని అప్పుడే అనుమానం రావాల్సింది నాకు! ప్రసాదం కూడా తెచ్చారు కదండి!"

"బస్టాండులో దొరికింది."

"పోలీసోళ్ళు ఎంక్వయిరీకి రాలేదా ఇంటికి?"

"వచ్చారు. మీ ఆవిడ మౌనిక టీ ఇచ్చి పంపింది."

"మౌనికకి తెలుసా!"

"బట్టలు సర్దిందే మౌనిక. స్వెట్టరు కూడా తనే కొంది. యానాం మొత్తానికి తెలుసురా, నీకు తప్ప."

"ఎప్పుడు... ఎప్పుడండి ప్రయాణం?"

"కాకినాడలో సాయంత్రం రైలు. రేపు హైదరాబాదులో విమానం."

"సాయంత్రమా? ఈ సాయంత్రమా! అంటే ఆ ఆటోలో..."

"అందులోనే ఉంది. పరదా వేసుకుని కూర్చుంది. లేవకు! కూర్చో ముందు."

"కూర్చోడమేంటండి! ఆవిడకి ఆయాసం! దింపేస్తాను నేను!"

"వెళ్ళు, దింపు. దిగుద్ది. నువ్వు దిగమంటే ఎందుకూ అని కూడా అడక్కుండా దిగి ఇంట్లోకెళ్ళిపోద్ది, మళ్ళీ జన్మలో ఎక్కడికీ వెళ్తానని అనదు. నీకు చెప్పకుండా వెళ్ళిపోదాం అన్నాను నేను. వద్దంది. అలాగని తను చెప్పలేనంది. నువ్వే చెప్పి రావే ఆరోగ్యం అని నన్ను తోసింది. పొద్దుట్నుంచీ అన్నం తినలేదు, నువ్వేమంటావోనని."

"తినలేదా?"

"తినలేదు. ఇప్పుడు చెప్పు. ఆయాసమంటావా? మిషను బ్యాగులోనే ఉంది, తిరుగుద్దని నువ్వే అన్నావు. కరెంటు ఒకటే అన్నావు. ఇంకేముంది అడ్డం? రైలు టైమవుతోంది. నేను వెళ్ళి ఆవిడకి ఏం చెప్పను?"

"ఆ అడాప్టరు ఇలా ఇవ్వండి."

"ఎందుకు? పంపించవా? ఒరే చిన్నారావూ, నీకు దణ్ణం పెడతాను..."

"ఇవ్వండి పిన్నిగారూ! అది బేరాలకి అంటగట్టే సరుకండి, దాంట్లో ఎర్తు లేదు, పైబొక్క ఉత్తుత్తిది, కాసేపు పెడితే మాడువాసనొస్తది. అమ్మకి లోపల్నుంచి అసలుది తెస్తాను, ఆటోని కదలనివ్వకండి."