మూడు డిస్కులు, మొక్కజొన్న చేను

అన్యాయం జరిగింది పుష్పలతకు, 2008 ఆగస్టు 23న. చండ్రుగొండ చుట్టుపక్కల గూడేలకు పోడు భూముల దరఖాస్తులు రాసిపెట్టే ఆమె ఆ రోజే కొత్త లాప్‌టాప్ కొన్నది. తెరవగానే అది, చెడిపోతే తనను మళ్ళీ నిలబెట్టే రికవరీ డిస్కులు చేసి దాచుకోమన్నది. మూడు ఖాళీ డిస్కులు తెచ్చుకున్నది కూడా. పక్కింటి ఆదినారాయణ అడ్డం పడ్డాడు. "పిరికోళ్ళ పని చెల్లె! అంత మిషన్ కడుపుల్నే ఉంటది" అని ఆ మూడూ పట్టుకుపోయాడు. ఖమ్మంలో ఆరు వారాలు కంప్యూటర్ నేర్చిన ఘనుడు కదా, నమ్మింది.

డిసెంబరులో ఆ కడుపే చెడింది. కొత్త హార్డ్ డిస్కు వేయించింది, అది వట్టి ఖాళీ. డిస్కులు పంపడానికి కంపెనీ పన్నెండు రోజులన్నది. మర్నాడే కరెంటు లేని గూడెంలో గ్రామసభ. నలభై ఒక్క కుటుంబాల వివరాలు అక్కడే లాప్‌టాప్‌లో ఎక్కించాలి, లేకుంటే వాళ్ళ దరఖాస్తులు ఆగిపోతాయి.

సంచీ భుజాన వేసుకుని ముత్తక్క టీకొట్టుకు వచ్చేసరికి ఆదినారాయణ బెంచీ ఎక్కి కూర్చున్నాడు.

"మూడంటే మూడు డిస్కులు గంగయ్య మామా! దారం గట్టి మొక్కజొన్న చేన్ల వేలాడదీసిన. ఒక్క చిలక వాలితే ఒట్టు! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ముప్పై అడవి పందులొచ్చినయ్. తళుక్కుమనంగనే తిరిగినయ్, దమ్మపేట దాటేదాంక ఆగలే!"

"పందులొచ్చేది చీకట్ల గదరా?" అన్నాడు గంగయ్య.

"చీకటేడిది మామా? ఆ డిస్కుల ఎలుగుకు ఊళ్ళె కోళ్ళు రెండుసార్లు కూసినయ్! ఇంక ఎలుగొడ్డొచ్చి డిస్కుల మొకం చూసుకొని, గింత గలీజుగున్ననా అని ఏడ్చుకుంట పోయి కిన్నెరసానిల తానం జేసింది. అదొక్కటేనా? పైన పోయే విమానం పైలట్‌కు కండ్లు బైర్లు గమ్మి, ఇదే హైదరాబాదనుకొని చక్రాలు దించిండు. నేనే తువ్వాల ఊపి పైకి పంపిన!"

"మరి లాప్‌టాప్ చెడితే డిస్కులొద్దా?" ముత్తక్క టీ వడపోస్తూ అడిగింది.

"నా చెయ్యి పడితే సాలు! భద్రాచలంల ఒకటి గోదాట్ల పడి మూడొద్దులున్నది. తీసి పేరు పెట్టి పిలిచిన, లేచి పాట పాడింది!"

పుష్పలత లాప్‌టాప్ తీసి అతని ఒళ్ళో పెట్టింది. "పిలువన్నా. పాట వద్దు, లేస్తే సాలు."

ఆదినారాయణ బటన్ నొక్కాడు. నల్లటి తెర, రెండు తెల్ల అక్షరాల వరుసలు. మళ్ళీ నొక్కాడు. ఊదాడు. బోర్లించి తట్టాడు. నుదుటి చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"చెల్లె... డిస్కులు చేసి పెట్టుకోలేదా?"

"ఆ పైలట్‌నడుగు!" అని ముత్తక్క పగలబడి నవ్వింది. గంగయ్యకు టీ పొలమారింది.

పుష్పలత నవ్వలేదు. నోటుపుస్తకం తీసింది.

"రేపు పొద్దుగాల ఏడింటికి నాతోని గూడెం వస్తున్నవ్. నలభై ఒక్క కుటుంబాలు, నీ చేతితోనే రాస్తవ్. ముందు గిది రాయి: కొత్త లాప్‌టాప్ కొన్నోళ్ళకు డిస్కులు కావాలె."

రాశాడు. సంతకం పెట్టమంటే పెట్టాడు.

"తారీకు?"

అదీ వేశాడు: 9-12-2008.