మేస్త్రీ బాబాయ్ వేయించిన పైపు

మా వీధికి మురుగు పైపు ఉందా లేదా అని రాసుకుపోవడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి సర్వే మేడమ్ వచ్చింది. ఊళ్ళో అన్ని వీధులకీ ఏనాడో పైపులు పడ్డాయి, రైలు పట్టాలకి ఇవతల పల్లంలో ఉన్న మా ఒక్క వీధికే పడలేదు. ఆవిడ కాగితంలో 'ఉంది', 'లేదు' అని రెండు గళ్ళున్నాయి. 'లేదు' దగ్గర టిక్కు పడితేనే ఈ ఏడాది మాకు పైపు. మా బాధ చెప్పడానికి నోరున్న మనిషి కావాలని అందరం కలిసి మేస్త్రీ బాబాయ్‌ని ఎంచుకున్నాం. మేం చేసిన తప్పల్లా అదే. ఆయన భార్య, అంటే మా పిన్ని, నడిపే టీ కొట్టు ముందు బల్లల మీద అందరం సర్దుకున్నాక బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"చూడండి మేడమ్, ఈ పైపు సంగతి మొదలుపెట్టిందే నేను. గొప్ప చెప్పుకోవడం కాదు, జరిగింది చెబుతున్నా. ఒక అర్జీ రాసుకుని మీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా నా మొహం కూడా చూడలేదు, కాగితం సొరుగులో పడేసి రేపు రమ్మన్నాడు. ఇంకొకడైతే ఇంటికి పోయేవాడు. నేనా? వరండాలో బెంచీ మీద కూర్చుని, ఆ రేపేదో వచ్చేదాకా లేవనన్నాను."

"అది నిజమే మేడమ్, నేనూ వెళ్ళాను," అన్నాను నేను. ఈ వీధి దర్జీని నేనే, ఆ అర్జీ మీద రెండో సంతకం నాదే.

"నువ్వు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశావు, నీ సంగతెందుకులే. మేడమ్, తొమ్మిది రోజులు కూర్చున్నాను. నాలుగో రోజుకి ఆ బెంచీ మీద నా అచ్చు పడింది. ఆరో రోజుకి జనం నన్నే పెద్దాఫీసరనుకుని కాగితాలు నా చేతికివ్వడం మొదలుపెట్టారు. ఇస్తే ఊరుకుంటానా, చదివి సంతకాలు పెట్టేశాను. మూడు వీధి దీపాలూ ఒక పెళ్ళి సర్టిఫికెట్టూ ఇవాళ్టికీ నా సంతకం మీదే నడుస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమిషనరు తన గదిలోంచి తనే లేచొచ్చి, 'మేస్త్రీ గారూ, మీకేం కావాలో చేస్తాను, ఆ బెంచీ ఒక్కటి ఖాళీ చెయ్యండి, నా కుర్చీకి ఎసరొచ్చేలా ఉంది' అన్నాడు."

మేడమ్ నవ్వింది. వినేవాళ్ళు నవ్వితే ఇక బాబాయ్‌కి పగ్గాలుండవు.

"బాబాయ్, వాన పడితే మన ఇళ్ళు ఏమవుతాయో అది చెప్పు," అని పక్కనే కూర్చున్న లారీ డ్రైవరు ఆయన్ని మోచేత్తో పొడిచాడు.

"వస్తున్నా, ఆగరా. తవ్వే మిషను వచ్చింది మేడమ్. రెండడుగులు తవ్విందో లేదో కింద బండ తగిలి దాని పళ్ళన్నీ రాలిపోయాయి. ఇంజనీరు తల పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. నేను ఇంట్లోకి వెళ్ళి గునపం తెచ్చి, బండ చుట్టూ ఒకసారి తిరిగాను. ఎక్కడ కొట్టాలో నలభై ఏళ్ళ మేస్త్రీకి తెలీదూ? ఒక్కటే పోటు. పడిన బీట మా గుమ్మం ముందు మొదలై, వీధి పొడుగునా పోయి, మలుపు దగ్గర తనూ మలుపు తిరిగి, నేరుగా పెద్ద కాలవలో కలిసింది. ఎక్కడ ఎంత వాలు కావాలో అంత వాలుతో. ఇంజనీరు టేపు పెట్టి చూశాడు, వెంట్రుకవాసి తేడా లేదు. ఇక తవ్వడం దేనికి, పైపులు తెచ్చి అందులో పరిచేయడమే."

"మధ్యలో రైలు పట్టాలున్నాయి కదా?" అంది మేడమ్.

"ఉన్నాయి మరి. బీట అక్కడిదాకా వచ్చింది, రైలొస్తోందని ఆగింది, రైలు వెళ్ళిపోయాక దాటింది."

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "బాబాయ్, మేడమ్ కాగితం సంగతి."

"చొక్కా వదులు, నువ్వు కుట్టిందే, ఊడొస్తుంది. సరే, పైపులు పరిచాం. చూద్దును కదా, నడిమధ్యన ఒక పైపు ఇంత వంకర. మళ్ళీ పైకి తియ్యాలంటే వారం పని. నేను పైపు మూతి దగ్గర నోరు పెట్టి, 'తిన్నగా ఉండవే' అని ఒక్క కేక వేశాను. పైపు తిన్నగా అయింది, బాగానే ఉంది, మరి ఆ కేక ఎక్కడికి పోవాలి? పైపుల వెంబడే పోయి పోయి, ఊరికి ఆ చివర మేయరు గారి స్నానాలగదిలో తేలింది. ఆయన ఒంటినిండా సబ్బుతో, తిన్నగా నిలబడి గంటసేపు కదల్లేదట. ఇప్పటికీ నేనెదురైతే నిటారుగా నిలబడతాడు, పాపం."

"పైపుకి మూతలవీ సరిగ్గా వేశారా?" అని అడిగింది మేడమ్. పెన్ను ఆగకుండా కదులుతోంది. ఏం రాస్తోందో మాకు కనబడటం లేదు.

"మూతలా? తీస్తే సెంటు వాసన మేడమ్. పట్టాల అవతల మేడల వాళ్ళు సాయంత్రాలు మంచి గాలి కోసం మా మూతల దగ్గరికే వస్తారు. వాళ్ళ పైపులు మా పైపులో కలుపుకోమని నాకు అర్జీ కూడా పెట్టుకున్నారు. సొరుగులో పడేసి, రేపు రమ్మన్నాను. దోమలు పది రోజులు చూసి, ఇక్కడ బతుకుతెరువు లేదని పెట్టేబేడా సర్దుకున్నాయి. ఎలకలు పెద్దమనుషులు, చెప్పి మరీ వెళ్ళాయి. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? విదేశాల ఇంజనీర్లు వచ్చి పైపులోకి కెమెరా దింపారు, అది నున్నగా జారిపోతూనే ఉంది, ఎక్కడా ఆగదే. మొన్ననే సముద్రం అడుగు నుంచి ఫోటో పంపింది. వెనకాల చేపలు, ముందు మన పైపు."

మేడమ్ కాగితం తిప్పింది. "చాలా సంతోషం మేస్త్రీ గారూ. అయితే 'ఉంది' దగ్గర టిక్కు పెడుతున్నాను. ఉన్న వీధులకి మళ్ళీ వెయ్యరు."

ఆవిడ నిజంగా అందో, వెటకారంగా అందో మాకు అర్థం కాలేదు. పెన్ను మాత్రం గడి మీదకి వెళ్ళింది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

పిన్ని టీ గిన్నె దించి పక్కన పెట్టింది. "మేడమ్ గారూ, టిక్కు పెట్టే ముందు ఒక్కసారి మీ కాళ్ళు బల్ల మీంచి కిందకి దించండి."

మేడమ్ కిందకి చూసింది. అప్పుడు మేమూ చూశాం. అందరం బల్లల మీద బాసింపట్లు వేసుకునే కూర్చున్నాం, అలవాటు కొద్దీ. ఇటుకల మీద ఎత్తి పెట్టిన ఆ బల్లల కింద, వీధిలోని వంటిళ్ళవీ దొడ్లవీ నీళ్ళన్నీ నల్లగా, నెమ్మదిగా పోతున్నాయి. మేడమ్ కాళ్ళు దించలేదు.

"లేదు మేడమ్," అన్నాడు బాబాయ్. ఆయన నోట అంత చిన్న మాట మేం ఎప్పుడూ వినలేదు. "అర్జీ నిజం. బెంచీ కూడా నిజమే, కాకపోతే ఒక్క పూట. ఇరవై ఏళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ మాకు లేదు, మాకు లేదు అని చెప్పి చెప్పి సిగ్గేసిపోయింది. మీరు శ్రద్ధగా వింటుంటే, ఒక్కసారి ఉన్నట్టు చెప్పుకోవాలనిపించింది."

మేడమ్ 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. బాబాయ్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి ఆ గడి చూశాడు.

"ఇంత చిన్నగానా మేడమ్? ఇంకాస్త పెద్దగా దిద్దండి. మీ ఆఫీసులో కళ్ళజోడు లేనివాళ్ళక్కూడా కనబడాలి."