మంచం కోళ్లతో బల్ల

వడమాలపేటలో యోగానంద ఇంటి వెనక షెడ్డులో బల్ల తయారుచేస్తున్నాడు. పాత బస్సు రేకు పైన పరిచి ఆఖరి మేకు కొడుతుండగా భార్య కోమలి వచ్చింది.

“రేకు బస్సుది. మరి ఈ కోళ్లు యాడివి?”

“యాడివో పాతవిలే.”

“మా తమ్ముడు పండుకునే మంచానివి గదా!”

“అది కిర్రుకిర్రుమంటా ఉన్నింది. వాడికి నిద్ర చెడతాదని ఇప్పేసినాను.”

“రేపొచ్చి నెల రోజులు ఉంటాడే! యాడ పండుకుంటాడు?”

“నాకూ అదే బాధగా ఉండాది. పోనీ, ఈసారికి రావద్దని చెప్పు.”

యోగానంద ముఖంలో బాధేమీ లేదు. కోమలి రేకు మీద అరచేయి ఆనించింది.

“అబ్బా, ఎంత సల్లగా ఉండాదో! ఈ ఎండలకి వాడికి ఇదే సుఖం. ఇంకో నెల ఎక్కువే ఉంటాడు.”

యోగానంద చేతిలో సుత్తి ఆగిపోయింది.

“ఒక జానెడు పొడుగు పెంచండి. వాడు పొడుగు మనిషి.”