లెంపి వేలు

ఫిన్లండ్‌లోని కైనూ అడవి. జూన్ ఉదయం. ఏటా పిట్టల లెక్క కట్టే దారిలో, పదకొండో గుర్తు వేసిన స్ప్రూస్ చెట్టు కింద తౌనో, అతని కూతురు సైమి.

“సున్నా. రాసుకో.”

“ఏది సున్నా, నాన్నా?”

“పసుపుతల పిట్ట. ఇది నాలుగో ఏడు. ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాను, ఈ అడవి ఇంత మూగగా ఎప్పుడూ లేదు. అవతల చెట్లు కొట్టేశారుగా, పోయాయి.”

“ఇంకొక్కసారి విను.”

“ఈ చెట్టుకిచ్చిన అయిదు నిమిషాలూ అయిపోయాయి. దోమలకి నీ రక్తం చాల్లేదా?”

“నాన్నా, అది మన నెత్తి మీదే ఉంది.”

“ఏది?”

“ఆ కొమ్మ చివర. బొటనవేలంత ఉంది, చూడు.”

“ఆ... ఉంది. పాడటం లేదుగా.”

“పాడుతోంది.”

“పొద్దున్నే నాతో వేళాకోళమా?”

“సూదిమొనలా సన్నటి గొంతు. ఇందాకటి నుంచి ఆరు విన్నాను. నువ్వు ఆరుసార్లూ సున్నా అన్నావు.”

“అప్పుడే చెప్పలేకపోయావా?”

“ఎట్లా చెప్పను?”

“కప్పులో కాఫీ పొయ్యి.”

“తారులా ఉంది.”

“పొయ్యమన్నానా.”

“చెవులు చూపించుకుందాం నాన్నా.”

“చెవులు ఒక్క ఏడాదిలో పోతాయా? ఈ సున్నాలకు ముందటేడు పద్నాలుగు రాశాను. నా చేత్తో రాశాను, కాగితం చూడు.”

“ఒక్క ఏడాదిలో పోవు. కొద్దికొద్దిగా పోతాయి. ముందు సన్నటి గొంతులే వినపడకుండా పోతాయి.”

“మరి పద్నాలుగు ఎట్లా విన్నాను?”

“ఆ జూన్‌లో అమ్మ ఇంకా ఉంది.”

“ఉంది. లెంపి ఏటా వచ్చేది. కాఫీ మోసేది, అంతే. లెక్కప్పుడు నోరు మెదపకూడదని నాకంటే తనకే పట్టింపు.”

“ఊరికే నిలబడేదా?”

“నిలబడేది. అప్పుడప్పుడూ...”

“అప్పుడప్పుడూ?”

“వేలు పైకెత్తేది. చెట్టు వైపు.”

“నువ్వు?”

“రాసుకునేవాణ్ణి. నేనూ విన్నాననే అనుకునేవాణ్ణి.”

“ఎన్నేళ్లు, నాన్నా?”

“తెలీదు. చాలా ఏళ్లు. నాకు వినపడటం లేదని ఆవిడ ఒక్కరోజూ అనలేదు, సైమీ. ఇంట్లో కూడా అనలేదు. అంటే నేను ఈ దారి మానేస్తానని...”

“కాఫీ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. ఆ సున్నా కొట్టేసి నువ్వు విన్నది రాయి. మూడేళ్ల కాగితాలు తప్పని ఈ లెక్కలు పంపే ఆఫీసుకి నేనే ఉత్తరం రాస్తాను.”

“అంతకుముందువి?”

“అవి తప్పు కావు. వాటి కింద పెట్టిన సంతకమే తప్పు. అక్కడ మీ అమ్మ పేరుండాలి.”