గట్ల మీద వాకింగ్

సుక్మాలో డాక్టరమ్మ ముందు గుమస్తా పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. బాధ పొట్టలో లేదని ఆయనకూ తెలుసు.

“నిద్ర పడ్తలేదు మేడం. గ్యాస్.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన ఎండాకాలం మా ముందు పోయే జీపు మందుపాతరకు లేచిపోయిన కాడ్నుంచి.”

“కుక్కర్ కూతేస్తే?”

“మంచం కింద దూరుత. చెప్పులు దేవులాడుతున్ననని మా ఆమెకు చెప్పిన.”

“ఆఫీసుకెట్ల పోతారు?”

“రోడ్డెక్కను. పొలం గట్ల మీద పోత. వాకింగ్ అని చెప్పిన. ఇప్పుడు ఆఫీసోళ్లు గూడ నా ఎనకనే గట్లెక్కిన్రు, షుగర్ తగ్గుద్దని.”

“ఇది గ్యాస్ కాదు సార్. ఆ పేలుడు మీ మనసులో ఇంకా ఆగలేదు. దీనికి పేరుంది, వైద్యముంది.”

“మెల్లగ మేడం! చీటీ మీద గ్యాసనే రాయండి. ఆఫీసుల తెలిస్తే పరువేంగాను?”

“మీ ఆఫీసు నుంచి మీరు ఐదోవారు. అందరూ గ్యాసనే వచ్చారు.”

గుమస్తా మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఎవరెవరు మేడం?”