నీలం కర్టెన్ బాగుంది

హలో… ఆ, నేనే బావగారూ. మీ ఫోన్ కోసమే చూస్తున్నా.

… లేదండీ, కెమెరాలు ఆగిపోలేదు. బాగానే పనిచేస్తున్నాయి.

… మీ ఫోన్‌లో రావడం లేదా? రాదు. నిన్న పాస్‌వర్డ్ మార్చాను.

… చిన్నది ఏం నొక్కలేదు, పాపం దాన్నెందుకు అంటారు. నేనే మార్చాను. తెలిసే మార్చాను.

… కాస్త నిదానంగా మాట్లాడండి, మీకసలే బీపీ. అక్క పక్కనే ఉందా? స్పీకర్ పెట్టండి, ఇద్దరికీ ఒకేసారి చెప్తాను… వద్దా? సరే, మీ ఇష్టం.

… చెప్తున్నా, వినండి మరి. మంగళవారం పొద్దున పదింటికి పనిలో ఉన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, డాక్టరుగారు రికార్డు చేసిన మాటలు వింటూ రిపోర్టు కొడుతున్నాను…

… ఆ, అదే. మీరు ‘ఇంట్లో కూర్చుని టైపు’ అంటారే, ఆ పనే. రోగుల పేర్లు, జబ్బులు, అన్నీ అందులోనే ఉంటాయి. నేను ఏమీ నొక్కలేదు, వెనక ప్రింటర్ తనంతట తనే గురగురమంది. తిరిగి చూస్తే కాగితం బయటికొస్తోంది. దానిమీద ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను. ‘నీలం కర్టెన్ బాగుంది.’

… నవ్వకండి బావగారూ.

… మా హాల్లో కర్టెన్ ఏ రంగు?

… ఆ. నీలం.

… నాకూ అలాగే భయమేసింది.

… చిన్నది స్కూల్లో ఉంది. మీ తమ్ముడు వంతెన పని దగ్గర, క్రేన్ మీద. ఇంక తమాషా చేయడానికి ఎవరున్నారు ఇక్కడ?

… ఎవడో. ఏ దేశంలో కూర్చున్నాడో వాడు. మూడు నెలల కింద మీరు పెట్టిన హాల్ కెమెరాలోంచి దూరాడు. అక్కణ్ణుంచి ప్రింటర్‌లోకొచ్చాడు. ఇంకో అడుగేస్తే నా కంప్యూటర్.

… ఎలా అంటే — మీరే చెప్పారుగా, గుర్తుండాలంటే అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టమని. వైఫైకి అదే, నాలుగు కెమెరాలకీ అదే. అదీ ఏమిటి, మీ కుక్కపిల్ల పేరు, పక్కన ఒకటి రెండు మూడు.

… మంచికే పెట్టారు, కాదన్నానా? మంచికి పెట్టినా వాడు దూరాడు కదా!

… ఆస్పత్రివాళ్లకి నేనే ఫోన్ చేసి చెప్పాను.

… ఎందుకు దాచాలి? ఎవరి జబ్బో ఊరంతా తెలిస్తే? రేపు వాళ్ల మొహం నేనెలా చూడాలి? సోమవారం దాకా టైమిచ్చారు. ఈలోగా కెమెరాలని నా కంప్యూటర్ ఉన్న వైఫైలోంచి తప్పించాలి. తప్పించకపోతే పని పోతుంది. మూడేళ్లుగా చేస్తున్న పని బావగారూ, ఒక్క తప్పు లేకుండా.

… వాళ్ల కంప్యూటర్ల మనిషే నిన్న ఇంటికొచ్చింది. అందరూ వైర్లక్క అంటారు. పెద్ద పనేం కాదు, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటుంటుందట, కెమెరాలన్నిటినీ అందులోకి మార్చింది.

… కొత్తమనిషి ఇంటికొస్తే ఏం చేస్తాం? వరండాలో కుర్చీ వేస్తాం, మంచినీళ్లిస్తాం. బీరువా తాళాలివ్వం కదా. ఇదీ అంతే. కెమెరాలు వరండాలో కూర్చుంటాయి. వాటి పని అవి చేసుకుంటాయి. ఎవడైనా మళ్లీ కెమెరాలో దూరినా ఆ వరండాలోనే తిరగాలి. నా కంప్యూటర్, ప్రింటర్, ఫోన్ లోపలి గదిలో. మధ్యలో తలుపు లేదు.

… కాదు, వేరు చేసినందుకు కాదు మీకు కనిపించనిది. అలా వేరు చేసినా మీ ఫోన్‌లో వస్తాయట, అడిగాను. పాస్‌వర్డ్ మార్చాను చూడండి, అందుకు.

… ఇవ్వను.

… వినబడింది. ఇవ్వను అంటున్నా.

… ఎవరు, వైర్లక్కా? తను నాకేం నూరిపోస్తుంది? వచ్చింది, పని చూసుకుంది, వెళ్లింది.

… ఏమన్నారు?

… మళ్లీ అనండి. రెండు కప్పులు కాఫీ తాగిందా? గంటసేపు ఇద్దరం ఇకఇకలు పకపకలా?

… మీకెవరు చెప్పారు బావగారూ?

… నేను చెప్పలేదు, తనూ చెప్పలేదు.

… గేటు దగ్గర ఎవరైనా వస్తే మీ ఫోన్‌లో గంట మోగుతుంది, అప్పుడే చూస్తానన్నారు కదా. కాఫీ తాగింది గేటు దగ్గర కాదు. హాల్లో.

… ఆహా. ఊరికే. ‘ఊరికే అలా తెరిచి చూశా.’

… ఇప్పుడర్థమైంది. అత్తయ్య మొన్న ఫోన్ చేసి, మధ్యాహ్నం రెండింటికి ఆ నిద్రేంటే అంది. నేను పిచ్చిదానిలా, అత్తయ్యకి ఎంత బాగా తెలుసో నా సంగతి అనుకున్నాను! నడుం పట్టేసి పావుగంట సోఫాలో ఒరిగాను. దానికి పంచాయితీ.

… వాడెవడో దొంగ. కనీసం కాగితం మీద రాసి చెప్పాడు, చూస్తున్నానని. మీరు మూడు నెల్లు నోరు మెదపలేదు.

… తప్పే, దొంగతో పోల్చకూడదు. పోల్చాను. ఒళ్లు మండుతోంది, ఏం చేయమంటారు? నా ఇంట్లో నేను కొంగు సర్దుకుంటూ తిరిగాను. చిన్నది డాన్సు చేస్తూ కెమెరా వైపు చూసి ఆగిపోయేది. ఎందుకే అంటే, పెదనాన్న చూస్తాడేమో అనేది. ఛ ఛ, చూడరే అని నేను… నేను దాన్ని కసిరాను బావగారూ.

… ఏడవట్లేదు. కోపం.

… మీ తమ్ముడికి చెప్తారా? చెప్పండి. నేను నిన్ననే చెప్పాను. ‘హాల్లోది పీకెయ్, మిగతావి నీ ఇష్టం’ అన్నారు. అడగండి కావాలంటే.

… పీకేశాను. స్టూలెక్కి, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే. పాత చెప్పుల పెట్టెలో ఉంది, మీ సామాను మీకు భద్రంగా ఇస్తాను. గేటుదీ, పెరటిదీ, మెట్లదీ ఉంటాయి. అవి నా ఫోన్‌లోకే వస్తాయి.

… ‘రేపేదైనా అయితే నన్ను అడగొద్దు’ అంటారా? అడుగుతాను! అర్ధరాత్రయినా సరే, ముందు మీకే చేస్తాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తారు, నాకు తెలీదా? చిన్నదానికి జ్వరమొస్తే రాలేదూ? నాక్కావాల్సింది అదే. పిలిస్తే రండి. చూస్తూ కూర్చోకండి.

… ఊఁ.

… ఊఁ… సరే, ఆ ‘తప్పయింది’ అన్నమాట చిన్నదానికి మీరే చెప్పండి. నాకు కాదు.

… ఆదివారం రండి. అక్కనీ తీసుకురండి. ఆ నీలం కర్టెన్ కళ్లారా చూద్దురుగాని. కానీ గేటు దగ్గర నిలబడి ఫోన్ చూసుకోకండి బావగారూ, తలుపు కొట్టండి.

… అవును, కొట్టాలి. నేను ఇంట్లో ఉన్నానో లేదో కొడితేగానీ ఇక మీకు తెలీదు.

ఉంటాను.