పోస్టులో వచ్చిన పెళ్లిపిలుపు

అది గాదన్నా, నేనింకా చెప్పులైనా విప్పకముందే మొహం అట్టా తిప్పుకుంటే ఎట్టా? తోడబుట్టింది పెళ్లిపిలుపు పోస్టులో పంపిద్దా అంటావు, అంతేగా? నేనూ అదే అన్నా మీ బావతో! శుభలేఖంటే గడపలోకెళ్లి బొట్టు పెట్టి ఇవ్వాల, ఇదేమన్నా కరెంటు బిల్లా ఏందయ్యా అని చెడామడా తిట్టా.

వింటేగా! ఆయనకి ఆ ఆలిండియా స్టాంపుల సొసైటీ పిచ్చి. బీరువాలో నా పట్టుచీరలు అట్టపెట్టెలోకి పోయినయ్, పాత కవర్లొచ్చి ఆ అరలో పడుకున్నయ్. నవ్వకు వదినా, నీదాకా వస్తే తెలుసుద్ది!

పల్నాడులో ఉన్న ప్రతి పోస్టాఫీసు ముద్రా పోగేసి సొసైటీ ఎగ్జిబిషన్‌లో పెట్టాలంట. ఇన్నాళ్లూ దాచేపల్లి పోయి ఒకటి, రాజుపాలెం పోయి ఒకటి, తనకి తనే ఉత్తరాలు రాసుకుని డబ్బాలో వేసొచ్చేవాడు. మా పోస్ట్‌మాన్ మౌలాలీ నన్ను పక్కకి పిలిచి, "సారు ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని అడిగాడు, చూస్కో!

తీరా ఆ సొసైటీ పెద్దాయన ఏమన్నాడో తెలుసా? నీకు నువ్వు రాసుకున్నయి లెక్కలోకి రావు, నిజంగా కబురు మోసిన కవరుకే విలువ అన్నాడంట. ఇంకేముంది, మీ బావ కళ్లు నీ మేనకోడలు చందన పెళ్లికార్డుల మీద పడ్డయ్! ఏ ఊరు చేరితే ఆ ఊరి ముద్ర కవరు మీద పడుద్ది, పెళ్లికొచ్చేవాళ్లు ఆ కవర్లు వెనక్కి తెచ్చిస్తే చాలంట!

ఏందీ? రాజుపాలెం పిన్నికి కార్డు పోస్టులో వచ్చినా, మళ్లీ నేనెళ్లి బొట్టు పెట్టానా? ఎవరు చెప్పారు నీకు?

...అవును. పెట్టా. దాచేపల్లి వాళ్లకీ పెట్టా.

నీ దగ్గరికే ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే బస్సు దొరకలేదని చెబుదామనుకునే వచ్చాలే. మా నరసరావుపేట నుంచి మీ వినుకొండకి బస్సులు లేవంటే నువ్వు నమ్ముతావా?

అమ్మ దినం నాడు పదిమందిలో నిన్నన్న మాటలు నేను మర్చిపోలా. తలుపు తియ్యవేమోనని చానా భయమేసిందన్నా. అందుకే పైకి ఆయన్ని తిట్టినా, లోపల హమ్మయ్య అనుకున్నా. నీ కవరు మీద అడ్రసు రాసింది నేనే, డబ్బాలో వేసిందీ నేనే. కబురు చేరుద్ది, నీ మొహం చూసే పని తప్పుద్ది అనుకున్నా.

తప్పలా. మేనమామ ఎత్తకపోతే పెళ్లికూతురి బుట్ట ఎవరెత్తుతారు?

వదినా, ఇట్రా, బొట్టు పెడతా. అన్నా, నువ్వు తిట్టాలనుంటే కడుపునిండా తిట్టు. తిట్టి, పెళ్లికి రా.